హాజరు పుస్తకంలోంచి బయటికి: వెన్నెలకంటి రాఘవయ్య గారి జీవితం

ఆగస్టు 31 మన విముక్త జాతుల దినం. 1952లో ఆ రోజున క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు దేశమంతటా రద్దయింది. ఏటా ఆ రోజు సాయంత్రం స్టడీ అవర్‌లో మా హాస్టల్ పిల్లలకు ఆ చట్టం గురించి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక అమ్మాయి లేచి, ఏ తప్పూ చేయనివాళ్ళ పేర్లు పోలీసు పుస్తకంలో ఎందుకు రాశారని అడుగుతుంది. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే మన సంఘం ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు, ఆ పుస్తకంలోంచి మన పెద్దల పేర్లు కొట్టేయించడానికి పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య గారి జీవితం రాయాలనుకున్నాను.

అంతకంటే ముందు ఒక చిన్న సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట సంక్రాంతి సెలవులకు ఒక పాపను ఇంటికి తీసుకుపోవడానికి ఎనభై దాటిన అవ్వ వచ్చింది. ఆ పాపకు అమ్మమ్మ తల్లి. పిల్లను పంపేటప్పుడు రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకోవడం మా పద్ధతి. నేను ఇంకు ప్యాడ్ ముందుకు జరపగానే అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. పిల్ల ఏమైనా తప్పు చేసిందా అని భయంగా అడిగింది. అలాంటిదేమీ లేదని, పిల్ల క్షేమంగా ఇల్లు చేరాలనే ఈ ముద్ర అని చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తన చిన్నప్పుడు నాయన రోజూ అన్నం తిన్నాక చావిడికి పోయి హాజరు వేయించుకుని వచ్చేవాడట. వాన వచ్చినా, జ్వరం వచ్చినా పోవాల్సిందేనట. ఒంటికి పట్టిన మసి కడిగితే పోతుంది గానీ వేలికి పట్టిన మసి పోదని ఆమె లెక్క. చట్టం పోయి అప్పటికే అరవై ఏళ్ళు దాటింది. ఆమె వేలు మాత్రం ఇంకా భయపడుతూనే ఉంది. రాఘవయ్య గారు ఎదుర్కొన్నది ఏమిటో ఆ రోజు నాకు పుస్తకాలకంటే బాగా అర్థమైంది.

రాఘవయ్య గారు 1897 జూన్ 4న నెల్లూరు జిల్లాలోని శింగపేటలో పుట్టారు. ఆయన గిరిజన కుటుంబంలో పుట్టినవారు కాదు. చదువుకునే వీలున్న కులంలో పుట్టారు. ఆ రోజుల్లో ఆయన ఏ ఊరికి పోవాలన్నా దారిలో ఎక్కడికని అడిగేవాళ్ళు లేరు. అదే ఊరి చివర గుడిసెలో పుట్టిన యానాది బిడ్డ పెద్దయ్యాక పక్క ఊరి తిరునాళ్ళకు పోవాలంటే ఒకరి అనుమతి కావాల్సిన రోజులు రాబోతున్నాయి. ఒకే జిల్లాలో, ఒకే గాలి పీల్చి పెరిగిన ఇద్దరి మధ్య ఉన్న ఈ తేడా ఆయన జీవితానికి దారి చూపింది.

ఆయన పుట్టిన కాలంలో మన జిల్లా దారులు మారిపోతున్నాయి. మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం 1899 నాటికి పూర్తయింది. మన కోవూరు పక్కన పడుగుపాడు మీదుగా, పెన్న దాటి నెల్లూరు పోయే మార్గం అదే. తూర్పున బకింగ్‌హాం కాలువలో పడవలు ఉప్పు, కట్టెలు మోస్తున్నాయి. రైలు, రోడ్డు, కాలువ వచ్చాయంటే అందరికీ మంచే జరిగి ఉంటుందని మనం పిల్లలకు చెబుతాం. కానీ ఆ దారుల మీద అంతకుముందు నడిచింది ఎవరో చెప్పం.

నడిచింది మనవాళ్ళే. ఎరుకలవారు ఎద్దుల మీద, గాడిదల మీద సరుకు వేసుకుని సముద్రపు ఒడ్డు ఉప్పు కొఠార్ల నుంచి మెట్ట సీమకు ఉప్పు చేరవేసేవారు. తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. ఉప్పు ఎరుకలవారు, కరివేపాకు ఎరుకలవారు, దబ్బల ఎరుకలవారు అని వాళ్ళలో తెగల పేర్లే వాళ్ళ సరుకును చెబుతాయి. బండి పోలేని కొండ ఊళ్ళకు ఉప్పు అందిందంటే అది వాళ్ళ కాళ్ళ పుణ్యం. 1870ల్లో ఉత్తరాదిన ఉన్న క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మద్రాసు రాజధానికీ తెద్దామా అన్న ఆలోచన వచ్చినప్పుడు, ఈ సంచార జాతులు వ్యాపారం చేసుకునేవాళ్ళని, మారుమూల ఊళ్ళకు వాళ్ళ అవసరం ఉందని మద్రాసు ప్రభుత్వమే వెనకాడింది.

తర్వాత రైలు వచ్చింది. ఉప్పు బస్తాలు వ్యాగన్లెక్కాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అడవుల మీద చట్టాలు వచ్చి పశువుల మేతకు అడ్డు పడ్డాయి. తరతరాలుగా దారినే ఇల్లు చేసుకున్న మనిషికి ఆ దారిలో పని లేకుండా పోయింది. పని లేకుండా దారిలో కనబడినవాడు అనుమానితుడయ్యాడు. నిన్నటిదాకా సరుకు తెచ్చే వ్యాపారి, నేడు ఊరి పొలిమేరలో తిరిగే దొంగ. మనిషి మారలేదు. అతన్ని చూసే కన్ను మారింది.

ఆ కన్నుకు కాగితం మీద రూపం ఇచ్చింది ఈ చట్టం. 1871లో మొదట ఉత్తర భారతంలో వచ్చింది. కమ్మరి కొడుకు కమ్మరి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడని, నేరం ఈ దేశంలో ఒక కులవృత్తి అని నమ్మిన ఇంగ్లీషు దొరలు దాన్ని తయారు చేశారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానితో సహా బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తింపజేశారు. 1924లో అన్నిటినీ కలిపి మరో చట్టం రాశారు.

అది ఎలా పనిచేసిందో మన పిల్లలకు తెలియాలి. ప్రభుత్వం ఒక జాతిని, లేదా జాతిలో ఒక భాగాన్ని, నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన తప్పు అని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. ప్రకటించాక పెద్దవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. అక్కడి నుంచి ఆ మనిషి నిర్ణయించిన వేళల్లో పోలీసుకో గ్రామాధికారికో కనబడాలి. ఇల్లు మారినా, మారాలనుకున్నా, ఒక రాత్రి ఊళ్ళో లేకపోయినా ముందుగా చెప్పాలి. పొరుగూరు పోవాలంటే చీటీ కావాలి. చాలా చోట్ల రాత్రి పొద్దుపోయాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి హాజరు వేయించుకోవాలి. పగలంతా కూలి చేసిన మనిషికి నడుమ ఎంత నిద్ర మిగులుతుందో లెక్క వేసుకోండి. అనుమానం కలిగేలా ఎక్కడైనా కనబడితే మూడేళ్ళ దాకా జైలు. చట్టం జాబితాలో పెట్టిన నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గకుండా, మూడోసారి అయితే జీవితాంతం ద్వీపాంతరం. పొరుగూరు పోవడానికి చీటీ ఇవ్వని చట్టం సముద్రం దాటించడానికి మాత్రం సిద్ధంగా ఉండేది.

ఇది చాలదన్నట్టు సెటిల్‌మెంట్లు వచ్చాయి. ఒక జాతివాళ్ళను కుటుంబాలతో సహా ఒక చోటికి తరలించి, కాపలా మధ్య ఉంచి పని చేయించడం. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఉంచే అధికారం కూడా చట్టం ఇచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచింది. దానికి పేరు మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టువర్టు దొర నుంచి వచ్చింది. మన జిల్లాలో కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ఒక సెటిల్‌మెంటు నడిపారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప మరొకటి. బిట్రగుంట అంటే పెద్ద రైల్వే ఊరు, బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉన్న ఊరు. రాత్రంతా ఇంజన్ల కూత వినబడుతుంది. మద్రాసు పోయే బండి, బెజవాడ పోయే బండి కళ్ళముందే పోతాయి. కప్పరాళ్ళతిప్పలో పేరు నమోదైన మనిషికి టిక్కెట్టు కొనడానికి డబ్బులున్నా, చీటీ లేకుండా బండెక్కితే అదే నేరం. టిక్కెట్టు లేకపోవడం ఎవరైనా చేసే తప్పు. చీటీ లేకపోవడం కొన్ని కులాలవాళ్ళు మాత్రమే చేయగల తప్పు.

యానాదుల సంగతి మరీ విడ్డూరం. మన నెల్లూరు సీమలో చేల కాపలా, తోటల కాపలా, కళ్ళాల దగ్గర ధాన్యపు రాశుల కాపలా ఎవరివి? యానాదులవి. రైతు తన ఇంటి ధాన్యాన్ని నమ్మి అప్పగించేది వాళ్ళకే. ఎలుకలు పట్టి పంట కాపాడేది, పాము కరిస్తే మందు వేసేది, తేనె, వేర్లు, మూలికలు తెచ్చేది, వాగుల్లో చేపలు పట్టేది వాళ్ళే. అలాంటివాళ్ళలో కొందరిని కూడా ఈ చట్టం కింద నమోదు చేశారు. పగలు రాశికి కాపలా ఉండే మనిషి రాత్రి చావిడిలో తానే ఇంకొకరి కాపలాలో పడుకోవాలి. ఇందులో ఊరివాళ్ళకు కలిగే లాభం ఒకటి ఉంది. ఊరు వదిలి పోలేని మనిషి కూలి గురించి బేరమాడలేడు. ఇచ్చింది పుచ్చుకుంటాడు. కదిలే హక్కు లేకపోవడమంటే ఊరికే తిరగలేకపోవడం ఒక్కటే కాదు, కడుపు నిండకపోవడం కూడా.

రాఘవయ్య గారు యువకుడిగా ఉన్నప్పుడు దేశమంతా స్వాతంత్ర్యం మాట వినబడుతోంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ మన పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. నెల్లూరు జిల్లా పల్లెలు ఉద్యమంలోకి వస్తున్నాయి. రాఘవయ్య గారూ ఆ జాతీయోద్యమంలోకి వచ్చారు. అయితే ఆయన చూపు చాలామంది నాయకుల చూపు పడని చోట పడింది. దేశానికి స్వేచ్ఛ కావాలని మనం అడుగుతున్నామే, మన ఊరి చివర ఉన్న యానాదికి పక్క ఊరు పోయే స్వేచ్ఛ ఉందా? ఈ ప్రశ్నను ఆయన వదిలిపెట్టలేదు. యానాది గూడేలకు పోయారు, వాళ్ళను సంఘంగా కూడగట్టే పనికి పూనుకున్నారు. వాళ్ళ బతుకును, ఆచారాలను, వాళ్ళ మీద పడిన చట్టాన్ని దగ్గరగా చూసి అర్థం చేసుకున్నారు. మన జిల్లాలో యానాదుల పేరు చెబితే ఆయన పేరు గుర్తుకు వచ్చేంతగా ఆ పనిలో ఉండిపోయారు.

ఇక్కడ గాంధీజీ జీవితంలోని ఒక ఘట్టం గుర్తు చేసుకోవాలి. 1893లో దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో తెల్లవాడి పెట్టెలో కూర్చున్నందుకు ఆయనను బండిలోంచి దింపేసిన సంగతి ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాళ్ళంతా పేర్లు నమోదు చేసుకుని, వేలిముద్రలు ఇచ్చి, ఎప్పుడు అడిగినా చీటీ చూపించాలని చట్టం చేస్తే భారతీయులు ఎదురు తిరిగారు. 1908 ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లో రెండు వేలకు పైగా చీటీలను కుప్ప పోసి తగలబెట్టారు. దేశం దాన్ని వీరగాథగా చెప్పుకుంది. సరిగ్గా మూడేళ్ళకు, 1911లో, ఇంట్లోనే మనవాళ్ళ వేలిముద్రలు తీసుకునే చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. జొహానెస్‌బర్గ్ చీటీ అవమానమైతే కావలి చీటీ కూడా అవమానమే. అక్కడ రంగు చూసి ఆపారు, ఇక్కడ పుట్టుక చూసి ఆపారు. ఈ రెండూ ఒకటేనని గుర్తించినవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. రాఘవయ్య గారు వాళ్ళలో ఒకరు.

మనవాళ్ళు కూడా ఊరికే భరించి ఊరుకోలేదు. ఇదే మద్రాసు రాజధానిలో, మదురై దగ్గర పెరుంగామనల్లూరులో, 1920 ఏప్రిల్ 3న కళ్ళర్లు పేర్ల నమోదుకు ఒప్పుకోమని నిలబడితే పోలీసులు కాల్పులు జరిపారు. అనేకమంది చనిపోయారు. వాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. హాజరు పుస్తకంలో పేరు రాయించుకోవడం కంటే చావడం మేలనుకున్న మనుషులు వాళ్ళు.

1936 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ నెల్లూరు వచ్చారు. ఈ చట్టం పౌర స్వేచ్ఛకే విరుద్ధమైనదని, ఒక జాతి మొత్తాన్ని నేరస్థులని పిలవడం నాగరిక న్యాయానికి సరిపడదని, దీన్ని చట్టాల పుస్తకంలోంచి తొలగించాలని ఆయన నెల్లూరులోనే చెప్పారు. ఈ చట్టం చరిత్ర రాసినవాళ్ళు ఈ రోజుకీ ఆ నెల్లూరు మాటను గుర్తు చేస్తారు. అంత పెద్ద నాయకుడు ఆ మాట మన జిల్లాలో అనడం ఊరికే జరిగిందని నేననుకోను. ఇక్కడ హాజరు బాధ అంతగా ఉంది. ఆ బాధను బయటి ప్రపంచానికి చెప్పే పని కూడా ఇక్కడ మొదలై ఉంది.

రాఘవయ్య గారు మద్రాసు శాసనసభలో సభ్యులుగా కూడా పనిచేశారు. అక్కడా ఆయనకు ఇదే పని. 1947లో మద్రాసు రాష్ట్రం క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తన పరిధిలో రద్దు చేసింది. దేశం మొత్తం మీద రద్దు కావడానికి ఇంకా అయిదేళ్ళు ఉందనగానే మన రాష్ట్రంలో హాజరు పోయింది. ఇది ఒక్కరి వల్ల జరిగిన పని కాదు. ఎందరో అడిగారు, ఎన్నో జాతులవాళ్ళు పోరాడారు. కానీ ఆంధ్ర ప్రాంతంలో ఆ పోరాటానికి ముందు నిలిచినవాళ్ళ పేర్లు చెప్పమంటే మొదట వచ్చేది రాఘవయ్య గారి పేరే.

1949లో కేంద్ర ప్రభుత్వం మన చిత్తూరు జిల్లావారైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారి అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. చట్టాన్ని రద్దు చేయాలని ఆ కమిటీ చెప్పింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా పోవచ్చు, ఎక్కడైనా నివసించవచ్చు అనే హక్కు 19వ అధికరణంలో ఉంది. పోటీ పరీక్షల కోసం మన పిల్లలు దాన్ని బట్టీ పడతారు. మిగతావాళ్ళకు అది మార్కుల కోసం. మనకు అది తాతల చరిత్ర. చివరికి 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా పోయింది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. రాఘవయ్య గారు అనుకోలేదు. ఎందుకంటే చట్టం పోయిన వెంటనే దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో అయితే 1948లోనే వచ్చింది. ఈసారి జాతి పేరు లేదు, మనిషి పేరు ఉంది. కానీ స్టేషనులో పాత పుస్తకంలో ఉన్న పేర్లే కొత్త పుస్తకంలోకి ఎక్కడం ఎంతసేపు? కాగితం మీద విముక్తి దొరికినా, చేతిలో భూమి లేదు, చదువు లేదు, ఉండడానికి చోటు లేదు. గేటు తెరిచి పొమ్మంటే ఎక్కడికి పోవాలి?

అందుకే ఆయన సంస్థలు కట్టారు. నెల్లూరు కేంద్రంగా ఆంధ్ర రాష్ట్ర ఆదిమజాతి సేవక్ సంఘ్‌ను స్థాపించారు. ఢిల్లీలోని భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్‌తో కలిసి పనిచేశారు. గిరిజనుల సంక్షేమమే ఆ తర్వాత ఆయన జీవితమంతా.

ఆయన రాసిన పుస్తకాల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలి. 1962లో యానాదుల మీద ఒక పుస్తకం రాశారు. 1968లో సంచార జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద రాశారు. ఇవన్నీ ఇంగ్లీషులో రాశారు. మన గురించి పైవాళ్ళు చదివే భాషలో, పైవాళ్ళు కాదనలేని వివరాలతో రాయాలని ఆయన అనుకుని ఉంటారు. తిరుగుబాట్ల పుస్తకంలో 1778 నుంచి 1971 దాకా దేశంలో జరిగిన డెబ్భై గిరిజన తిరుగుబాట్లను సంవత్సరాల వారీగా జాబితా వేశారు. గిరిజన ఉద్యమాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ జాబితాను పేర్కొంటారు.

ఆ జాబితా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు రెండు పుస్తకాలు పక్కపక్కన కనబడతాయి. ఒకటి పోలీసు హాజరు పుస్తకం. అందులో మనవాళ్ళ పేర్లు దొంగలుగా ఉన్నాయి. రెండోది రాఘవయ్య గారి పుస్తకం. అందులో మనవాళ్ళు అన్యాయాన్ని ఎదిరించినవాళ్ళుగా ఉన్నారు. మొదటి దాన్ని చట్టంతో కొట్టేయవచ్చు. కానీ అది మనుషుల మనసులో రాసిపెట్టిన మాటను కొట్టేయడానికి చట్టం చాలదు, దాని మీద మరో నిజం రాయాలి. ఆయన చివరి ముప్ఫై ఏళ్ళు చేసిన పని అదేనని నా అభిప్రాయం.

ఆయన వృద్ధాప్యంలోనే మన జిల్లాలో మరో పెద్ద మార్పు జరిగింది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చింది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ దీవిలో తరతరాలుగా ఉన్న యానాది కుటుంబాలు చోటు వదలాల్సి వచ్చింది. ఒక తరానికి ఊరు దాటవద్దన్నారు, మరో తరానికి ఊరు వదిలి పొమ్మన్నారు. ఈ రెండింటిలోనూ మనవాళ్ళను అడిగి చేసింది లేదు. కదిలే స్వేచ్ఛలో కదలకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉందని మనం గుర్తు పెట్టుకోవాలి.

1973లో భారత ప్రభుత్వం రాఘవయ్య గారికి పద్మభూషణ్ ఇచ్చింది. 1981 నవంబరు 24న ఆయన కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్ళ జీవితంలో అరవై ఏళ్ళ దాకా తాను పుట్టని జాతుల కోసం ఖర్చు చేశారు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బయటివాళ్ళు వచ్చి మనల్ని ఉద్ధరించారని మాత్రమే చెప్పుకుంటే మన పెద్దలకు అన్యాయం చేసినట్టే. రాత్రి హాజరుకు పోయి వచ్చి తెల్లారి కూలికి పోయి పిల్లల్ని బతికించినవాళ్ళు వాళ్ళు. రాఘవయ్య గారి గొప్పతనం మన తరఫున మాట్లాడడంలో కంటే మన మాట విని, దాన్ని శాసనసభ దాకా, పుస్తకం దాకా మోసుకుపోవడంలో ఉంది. ఆయనను దేవుడిని చేసి పటానికి దండ వేస్తే ఆయన పని అక్కడే ఆగిపోతుంది.

ఆ పని ఇంకా మిగిలే ఉంది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళను పుట్టుకతోనే అలవాటు నేరస్థులుగా చూసే రాతలు చెల్లవని చెప్పింది. చట్టం పోయిన డెబ్భై రెండేళ్ళకు ఆ మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికే మన రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళలో ఆధార్ లేనివాళ్ళు, పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. చాలా మంచి పథకం. మా పిల్లల తల్లులు ఇప్పుడు నెలకోసారి వచ్చి బిడ్డను చూసి పోతున్నారు. కానీ బస్సులో గుర్తింపు కార్డు చూపించాలి. కార్డు లేని తల్లి టిక్కెట్టు కొనాలి, లేదా నడవాలి. ఎవరూ ఆమెను కావాలని ఆపలేదు. అయినా ఆమె ఆగిపోయింది. అప్పుడు చీటీ ఉన్నవాడే కదలాలన్నారు. ఇప్పుడు కార్డు ఉన్నవాళ్ళకు దారి సులువుగా ఉంది. రెండూ ఒకటి కావు, కానీ మన గూడేల దగ్గర రెండింటికీ పోలిక కనబడుతుంది. అందుకే ప్రతి కుటుంబానికీ ఈ కాగితాలు చేయించడం మన సంఘం మొదటి పనిగా పెట్టుకోవాలని నా మనవి.

మా హాస్టల్లో నేనూ రోజూ రాత్రి హాజరు తీసుకుంటాను. ఎనిమిదిన్నరకు పిల్లలు వరుసగా నిలబడి తమ పేరు వచ్చినప్పుడు పలుకుతారు. ఆ అవ్వ వచ్చి వెళ్ళిన తర్వాత ఆ పని నాకు మునుపటిలా లేదు. పేరు పిలిచేటప్పుడు తల ఎత్తి పిల్ల మొహం చూసి పిలుస్తాను. ఎవరైనా పలకకపోతే ఎక్కడికి పోయిందని కాదు, ఏమైందని అడుగుతాను. అదే పుస్తకం, అవే గళ్ళు. మన తాతల పేర్లు రాసినవాడు వాళ్ళు పారిపోకుండా రాశాడు. మనం మన పిల్లల పేర్లు వాళ్ళు ఎంత దూరమైనా పోగలిగేలా రాయాలి. నర్సింగుకు గుంటూరు పోవాలి, డిగ్రీకి తిరుపతి పోవాలి, ఉద్యోగానికి హైదరాబాదు పోవాలి. పడుగుపాడులో బండెక్కేటప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా ఎక్కాలి.

చివరిగా ఈ సంచిక చదివేవారికి ఒక విన్నపం. హాజరు రోజులు చూసిన పెద్దలు ఇక కొద్దిమందే మిగిలి ఉంటారు. మీ ఇంట్లో, మీ కాలనీలో అలాంటి అవ్వ, తాత ఉంటే పక్కన కూర్చుని వాళ్ళ మాటలు రాసుకోండి, ఫోనులో రికార్డు చేయండి. చావిడి ఎక్కడ ఉండేది, చీటీ ఎవరు ఇచ్చేవారు, పెళ్ళికి పోవాలంటే ఏం చేసేవారు, అన్నీ అడగండి. వాళ్ళకు చెప్పడం కష్టంగా ఉంటే బలవంతం చేయకండి, మళ్ళీ ఇంకో రోజు పోండి. రాఘవయ్య గారు వేసిన జాబితా డెబ్భై తిరుగుబాట్ల దగ్గర ఆగింది. ఆ జాబితాకు ఎక్కని చిన్న చిన్న ధైర్యాలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వాటిని రాసి పెడితే ఆయనకు మనం ఇచ్చే నివాళి అదే.

వెన్నెలకంటి రాఘవయ్య గారి స్మృతికి, ఆయన ఎవరి కోసం పనిచేశారో ఆ పేరు తెలియని పెద్దలందరి స్మృతికి నమస్కారాలు.